పాత క్యూ6600 వేడెక్కుతోంది: స్పీడ్ తగ్గించాలా, వోల్టేజ్ తగ్గించాలా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసర్ ఉంది. కూలర్ దాంతో పాటు వచ్చిందే. పగలు బ్రౌజింగ్, టైపింగ్, అప్పుడప్పుడు వీడియో కన్వర్షన్ చేస్తుంటాను. మిగతా టైమంతా ఇంట్లో అందరి ఫైళ్లకూ సర్వర్‌గా ఆన్‌లోనే ఉంటుంది. ఏ పనీ లేనప్పుడే 60 డిగ్రీలు చూపిస్తోంది. వీడియో కన్వర్షన్ పెడితే 88, 90 దాకా పోతోంది. ఫ్యాన్ మోత భరించలేకపోతున్నాం. కొన్నిసార్లు ఉన్నట్టుండి ఆఫ్ అయిపోయింది కూడా. 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 1.6కి దించెయ్యమని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే తక్కువలో నడిపితే ప్రాసెసర్ పాడవుతుందని ఇంకొకరు భయపెట్టారు. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 50 శాతం పెట్టి చూశాను. కంప్యూటర్ బాగా నెమ్మదించింది గానీ వేడి ఆ మేరకు తగ్గలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ భయం సంగతి తేల్చేద్దాం. తక్కువ స్పీడ్‌లో నడిపినందుకు ఏ ప్రాసెసరూ పాడవదు. అసలు మీ క్యూ6600 ఆ పని తనంతట తానే చేయగలదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) ఈఐఎస్‌టీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, పని లేనప్పుడల్లా మల్టిప్లయర్‌ని 9 నుంచి 6కి దించుకుంటుంది. 266 మెగాహెర్ట్జ్‌ని 9తో గుణిస్తే 2.4 గిగాహెర్ట్జ్, 6తో గుణిస్తే 1.6. అంటే మీ ఫ్రెండ్ చెప్పిన 1.6 ఎక్కడి నుంచో తెచ్చిన అంకె కాదు, ఆ చిప్ మామూలుగా దిగే అడుగు మెట్టే. మౌస్ కదిపినప్పుడు పైకి ఎక్కి, వదిలేయగానే కిందికి దిగుతూ రోజంతా గడపడానికే దాన్ని తయారుచేశారు.

ఇంకో రుజువు కావాలంటే, క్యూ6600 వచ్చిన 2007లోనే ఇంటెల్ అదే 65 నానోమీటర్ల తరంలో, అదే 8 ఎంబీ క్యాష్‌తో, 1.6 గిగాహెర్ట్జ్ స్పీడ్‌తో జియాన్ ఎల్5310 అనే నాలుగు కోర్ల సర్వర్ చిప్ అమ్మింది. దానికి రాసిన వేడి లెక్క 50 వాట్లు. మీ క్యూ6600కి రాసింది, మొదట వచ్చిన బీ3 రకమైతే 105 వాట్లు, తర్వాత వచ్చిన జీ0 రకమైతే 95. తక్కువ స్పీడ్, తక్కువ వోల్టేజ్, సగం వేడి. ఇదేదో చాటుగా చేసే పనిలా భయపెట్టేవాళ్లకు ఆ చిప్ పేరు చెబితే చాలు.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, స్పీడ్ తగ్గించడం మీకు మూడో పని అవ్వాలి. మొదటిది కూలర్ చూడటం, రెండోది వోల్టేజ్. మీ ఫ్రెండ్ తప్పు చెప్పలేదు, వరస తప్పింది అంతే.

పని లేనప్పుడే 60 డిగ్రీలంటే నాకు ప్రాసెసర్ మీద కంటే కూలర్ మీద అనుమానం ఎక్కువ. ఎల్‌జీఏ 775 సాకెట్‌కి వచ్చిన కంపెనీ కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పుష్ పిన్‌లు. వీటిలో ఒకటి సరిగా లాక్ కాకపోయినా, ఏళ్ల వేడికి ప్లాస్టిక్ బలం తగ్గి కొంచెం పైకి లేచినా, హీట్‌సింక్ ఒక మూల ఎత్తుగా నిలబడుతుంది. పై నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. కేబినెట్‌ని పక్కకి పడుకోబెట్టి, నాలుగు పిన్‌లనూ ఒక్కొక్కటిగా వేలితో కదిపి చూడండి. వీలైతే బోర్డు వెనక్కి కూడా తొంగిచూడండి. నాలుగు చోట్లా నల్ల పిన్ తెల్ల క్లిప్ మధ్యలోంచి పూర్తిగా బయటికి వచ్చి ఉండాలి. ఆ తరం మెషీన్లలో వేడి గొడవలకు కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

పిన్‌లు బాగానే ఉంటే దుమ్ము సంగతి చూడండి. ఫ్యాన్ కిందనున్న అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగినా గాలి లోపలికి పోదు. ఫ్యాన్‌ని విప్పి బ్రష్‌తో శుభ్రం చేయండి. గాలి కొట్టేటట్లయితే ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టండి, లేకపోతే అది అతిగా తిరిగి బేరింగ్ పోతుంది. పాత థర్మల్ పేస్ట్ ఈపాటికి ఎండి పెంకులా అయిపోయి ఉంటుంది. దాన్ని స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, చిప్ మధ్యలో చిన్న గింజంత కొత్త పేస్ట్ పెట్టి హీట్‌సింక్‌ని సమంగా నొక్కండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. ఈ పని మానేసి స్పీడ్ మాత్రం దించితే ఏమవుతుందంటే, కొన్నాళ్లు హాయిగా ఉంటుంది, దుమ్ము ఇంకాస్త చేరాక 1.6 దగ్గర కూడా ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది.

టెంపరేచర్ అంకెల గురించి ఒక మాట. ఈ చిప్‌లోని సెన్సర్ నేరుగా "ఇన్ని డిగ్రీలు" అని చెప్పదు. పై పరిమితికి ఇంకా ఎంత దూరంలో ఉన్నానో మాత్రమే చెబుతుంది. కోర్ టెంప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ పరిమితిని తన దగ్గరున్న అంకెలోంచి తీసుకుని, అందులోంచి దూరాన్ని తీసేసి మీకు డిగ్రీలు చూపిస్తుంది. ఆ కాలం డెస్క్‌టాప్ చిప్‌లకి పరిమితి ఎంతన్నది చాలా రోజులు అంచనాగానే ఉండేది కాబట్టి, ఒకే మెషీన్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు అంకెలు చూపించడం మామూలే. పైగా పని లేనప్పటి అంకెలు అంత నమ్మదగ్గవి కావు, పరిమితికి దగ్గరయ్యే కొద్దీ సెన్సర్ సరిగ్గా చెబుతుంది. అందుకని డిస్టెన్స్ టు టీజేమ్యాక్స్ (పై పరిమితికి మిగిలిన దూరం) అనే అంకె కనిపిస్తే దాన్నే చూడండి. ఫుల్ లోడ్‌లో కూడా అది 25 కంటే ఎక్కువ ఉంటే నేనైతే పట్టించుకోను. 10 లోపుకి వస్తే పని చేయాల్సిందే.

ఉన్నట్టుండి ఆఫ్ అయిపోవడం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. ఇంటెల్ చిప్‌కి వేడి ఎక్కువైతే అది ముందు చేసే పని ఆగిపోవడం కాదు. పరిమితి తాకగానే స్పీడ్ తగ్గించుకుంటుంది. కన్వర్షన్ సగంలో నెమ్మదిస్తుంది తప్ప మెషీన్ ఆన్‌లోనే ఉంటుంది. అప్పటికీ చల్లబడక ఇంకా బాగా పైకి పోతేనే, ఆఖరి రక్షణగా పవర్ కట్ చేయిస్తుంది. (2001 ప్రాంతపు ఏఎండీ అథ్లాన్ చిప్‌లకి ఈ అదృష్టం లేదు. నడుస్తుండగా హీట్‌సింక్ ఊడిందంటే సెకన్లలో మాడిపోయేవి.) కాబట్టి స్పీడ్ పడిపోకుండా, 88, 90 దగ్గరే తటాలున ఆఫ్ అవుతోందంటే రెండు దారులున్నాయి. బయోస్‌లో షట్‌డౌన్ టెంపరేచర్ అని ఏదైనా తక్కువ అంకె పెట్టి ఉండొచ్చు, అది చూసుకోండి. అది కాకపోతే ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లోని పవర్ సప్లై) గానీ, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంట్ అందించే వీఆర్‌ఎం భాగం గానీ బలహీనపడి ఉంటుంది. సాకెట్ చుట్టూ నిలువుగా ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, ఉబ్బాయా చూడండి. ఆ దశాబ్దంలో నాసిరకం కెపాసిటర్లు చాలా బోర్డుల్లోకి చేరాయి. ఒక్కటి ఉబ్బినా, దాని చుట్టూ గోధుమరంగు మరక కనిపించినా, వోల్టేజ్ ప్రయోగాలు మొదలుపెట్టకండి. మార్పించాకే.

ఇక్కడిదాకా వచ్చి అన్నీ బాగున్నాయనుకుందాం. ఇప్పుడు వోల్టేజ్.

ప్రాసెసర్‌లో పని వల్ల పుట్టే వేడి రెండింటి మీద ఆధారపడుతుంది. స్పీడ్ ఎంత పెరిగితే వేడి అంతే పెరుగుతుంది. వోల్టేజ్ పెరిగితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మీ చిప్ 1.30 వోల్ట్‌లతో 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందనుకోండి. వోల్టేజ్ ముట్టుకోకుండా స్పీడ్ ఒక్కటే 1.6కి దించితే వేడి మూడో వంతు తగ్గుతుంది, స్పీడూ మూడో వంతు పోతుంది. అదే స్పీడ్ అలాగే ఉంచి వోల్టేజ్‌ని 1.10కి దించగలిగితే, 1.10ని 1.30తో భాగించి వర్గం చేస్తే 0.72. అంటే స్పీడ్‌లో ఒక్క మెగాహెర్ట్జ్ కూడా పోకుండా 28 శాతం వేడి పోయింది. రెండూ దించితే 0.48, సగం కంటే తక్కువ. దీనికి తోడు చిప్ ఏ పనీ చేయకపోయినా ట్రాన్సిస్టర్ల గుండా కొంత కరెంట్ ఊరికే కారుతుంటుంది. అది కూడా వోల్టేజ్‌తో పాటు తగ్గుతుంది, చిప్ చల్లబడే కొద్దీ ఇంకొంచెం తగ్గుతుంది.

మరి 1.10 సరిపోతే కంపెనీ 1.30 ఎందుకు పెట్టింది? ఎందుకంటే లక్షల చిప్‌లకి ఒక్కోదానికీ గంటల తరబడి కూర్చుని కనీస వోల్టేజ్ వెతకడం కుదరదు. పనికిమాలిన బోర్డు, మూసుకుపోయిన కేబినెట్, ఏళ్ల వాడకం, ఇవన్నీ కలిసొచ్చినా హ్యాంగ్ కాకూడదని కాస్త ఎక్కువే వేసి పంపుతారు. ఆ అదనం ఎంతన్నది చిప్‌ని బట్టి మారుతుంది. మీది 1.10కి దిగొచ్చు, 1.20 దగ్గరే మొరాయించొచ్చు. కంపెనీకీ ఈ సంగతి తెలుసు. 2009 జనవరిలో ఇంటెల్ క్యూ9550ఎస్ అని ఒక చిప్ తెచ్చింది. మామూలు క్యూ9550 స్పీడే, 2.83 గిగాహెర్ట్జ్. కానీ 95 వాట్ల బదులు 65 వాట్లు, ధర మాత్రం ఎక్కువ. తక్కువ వోల్టేజ్‌తో నడవగల చిప్‌లను ఏరి పక్కన పెట్టి అమ్మడమే అది. మీరు బయోస్‌లో చేయబోయేది కూడా ఆ ఏరివేతే, ఒక్క చిప్‌కి.

వాట్లు తగ్గితే డిగ్రీలు ఎంత తగ్గుతాయన్నది కూడా సులువుగానే అంచనా వేయొచ్చు. గది వేడికీ చిప్ వేడికీ మధ్య తేడా వాట్లతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. గది 35 డిగ్రీలు, దుమ్ము దులిపాక ఫుల్ లోడ్‌లో చిప్ 72 అనుకుందాం. తేడా 37. వాట్లు 28 శాతం తగ్గితే తేడా 27 అవుతుంది, చిప్ 62కి వస్తుంది. సగానికి తగ్గితే 54 ప్రాంతానికి. గది కంటే చల్లగా మాత్రం ఎప్పటికీ కాదు. స్పీడ్ ఎంత దించినా 40 కిందికి రావడం లేదని బాధపడేవాళ్లు ముందు గది టెంపరేచర్ చూసుకోవాలి.

మీ 50 శాతం ప్రయోగం ఎందుకు బెడిసిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. మీ బయోస్‌లో ఈఐఎస్‌టీ ఆఫ్‌లో ఉండి ఉంటుందని నా అనుమానం. అప్పుడు విండోస్‌కి మల్టిప్లయర్ దించే దారి ఉండదు. అది ఆన్‌లో ఉన్నా, చిప్ దిగగలిగేది 1.6 దాకానే, అంటే 67 శాతం దాకానే. మీరు 50 అడిగారు. మిగతా తగ్గింపు కోసం సిస్టమ్ క్లాక్‌ని మధ్యమధ్యలో ఆపుతూ వదులుతుంది. పది అడుగులు వేయాల్సిన చోట ఐదు వేయించి, మిగతా ఐదింటి సమయం నిలబెట్టడం లాంటిదిది. నిలబడినంతసేపూ వోల్టేజ్ మాత్రం అలాగే ఉంటుంది, కారే కరెంట్ కారుతూనే ఉంటుంది. స్పీడ్ సగం పోయింది, వేడి సగం పోలేదు. చిప్ కాలిపోకుండా అత్యవసరంగా వాడుకోవడానికి పెట్టిన పద్ధతి అది. రోజువారీ సెట్టింగ్‌గా దాన్ని వాడకండి. దాన్ని మళ్లీ 100కి పెట్టేసి, బయోస్‌లో ఈఐఎస్‌టీ, సీ1ఈ (ఖాళీగా ఉన్నప్పుడు చిప్ వాడకం తగ్గించే ఇంకో సెట్టింగ్) రెండూ ఆన్ చేయండి. విండోస్‌లో మినిమమ్ ప్రాసెసర్ స్టేట్ 5 శాతం ఉండనివ్వండి. ఇంతమాత్రానికే ఖాళీగా ఉన్నప్పటి వేడి దిగివస్తుంది, ఫైల్ సర్వర్‌గా గడిపే గంటల్లో మీకు దక్కే లాభంలో ఎక్కువ భాగం ఇదే.

కరెంట్ బిల్లు కూడా తగ్గుతుందని ఆశపడుతుంటే ఒక లెక్క చూడండి. అంకెలు ఊహించుకున్నవే, వరస మాత్రం నిజానికి దగ్గర. కన్వర్షన్ చేస్తుండగా ప్రాసెసర్ 80 వాట్లు, బోర్డు, డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు కలిపి ఇంకో 60 వాట్లు తీసుకుంటున్నాయి. 2.4లో గంట పట్టే వీడియోకి 140 వాట్ అవర్లు ఖర్చు. 1.6కి దించి వోల్టేజ్ కూడా 1.10 చేస్తే ప్రాసెసర్ 38 వాట్లకి వస్తుంది, కానీ పని గంటన్నర పడుతుంది. 98ని ఒకటిన్నరతో గుణిస్తే 147. అంటే ఖర్చు పెరిగింది! ప్రాసెసర్ నెమ్మదించినంత మాత్రాన మిగతా భాగాలు నెమ్మదించవు కదా. స్పీడ్ 2.4లోనే ఉంచి వోల్టేజ్ ఒక్కటే దించితే ప్రాసెసర్ 57, మిగతావి 60, మొత్తం 117, అదే గంటలో. అందుకే నేను వోల్టేజ్‌ని ముందు పెట్టి, స్పీడ్‌ని తర్వాతికి నెట్టాను. స్పీడ్ దించడం వల్ల గది చల్లగా ఉంటుంది, ఫ్యాన్ నోరు మూస్తుంది, బోర్డు మీద భారం తగ్గుతుంది. ఇవి మంచి కారణాలే. బిల్లు కోసమైతే మాత్రం దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

చేసే పద్ధతి చెబుతాను. ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకోండి. ఇది మొక్కుబడి మాట కాదు. వోల్టేజ్ బాగా తక్కువైతే మెషీన్ హ్యాంగ్ అవుతుంది, అది మేలే, వెంటనే తెలిసిపోతుంది. కాస్త మాత్రమే తక్కువైతే ఎక్కడా ఆగకుండా అప్పుడప్పుడు లెక్క తప్పు చేస్తుంది. మీది ఫైల్ సర్వర్. ఆ తప్పు లెక్క వెళ్లి ఎవరి ఫొటోలోనో, పాత డాక్యుమెంట్‌లోనో కూర్చుంటే మీకు నెలల తర్వాత గానీ తెలియదు.

బయోస్‌లోకి వెళ్లి సీపీయూ వోల్టేజ్ లేదా వీకోర్ అనే లైన్ వెతకండి. ఇప్పుడు ఆటో అని ఉంటుంది. సీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్‌లో ఫుల్ లోడ్ పెట్టినప్పుడు ఎంత చూపిస్తోందో ముందే రాసుకోండి, అక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగాలి. చాలా బోర్డుల్లో మెట్టు 0.0125 వోల్ట్. మొదట్లో రెండు మూడు మెట్లు కలిపి దిగినా ఫర్వాలేదు, తర్వాత ఒక్కొక్కటే. దిగిన ప్రతిసారీ ప్రైమ్95 అనే, ప్రాసెసర్‌కి గట్టి పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేర్‌లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్ట్ అరగంట నడపండి. నాలుగు కోర్లలో ఒక్క దాంట్లో ఎర్రర్ వచ్చినా, బ్లూ స్క్రీన్ వచ్చినా, ఆ వోల్టేజ్ చాలలేదని అర్థం. అక్కడి నుంచి 0.05 వోల్ట్ పైకి వెళ్లి స్థిరపడండి. ఇంత మార్జిన్ ఎందుకని కొందరు ఒప్పుకోరు. గది వేడి మారుతుంది, ఎస్‌ఎంపీఎస్ ముసలిదవుతుంది, కెపాసిటర్ల బలం తగ్గుతుంది. ఆఖరి మెట్టు మీద ఒంటికాలితో నిలబడాల్సిన అవసరం మీకేముంది? స్థిరపడ్డాక రాత్రంతా ప్రైమ్95 నడపండి. ఇంకో రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టండి. తర్వాత కొన్ని రోజులు మామూలుగా వాడండి, ఎందుకంటే ఫుల్ లోడ్‌లో గట్టిగా నిలబడిన చిప్ కూడా పైకీ కిందికీ స్పీడ్ మారే క్షణంలో తడబడొచ్చు.

మరీ కిందికి దించి మెషీన్ బూట్ కాకుండా పోతే టెన్షన్ పడకండి. ప్లగ్ తీసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ జంపర్‌ని మార్చండి, లేదా నాణెం ఆకారపు బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. సెట్టింగ్స్ మొదటికి వస్తాయి. వోల్టేజ్ తక్కువైనందుకు చిప్ చచ్చిపోదు, ఎక్కువైతేనే ప్రమాదం. ఒక్క జాగ్రత్త: 1.20 అనుకుని 1.50 నొక్కకండి.

ఒక చిక్కు ఉంది. చాలా పాత బోర్డుల్లో వోల్టేజ్‌ని ఆటో నుంచి తప్పించి మీ అంకె పెట్టగానే, ఈఐఎస్‌టీ మల్టిప్లయర్‌ని దించుతుంది గానీ వోల్టేజ్‌ని దించదు, అది మీరు పెట్టిన దగ్గరే ఉండిపోతుంది. ఆఫ్‌సెట్ (ఆటో వోల్టేజ్‌లోంచి ఇంత తగ్గించు అని చెప్పేది) అనే ఆప్షన్ మీ బయోస్‌లో ఉంటే అదృష్టం, రెండూ దక్కుతాయి. లేకపోతే బయోస్‌లో ఆటో వదిలేసి, విండోస్‌లో థ్రాటిల్‌స్టాప్ అనే చిన్న టూల్‌తో మల్టిప్లయర్, వోల్టేజ్ ఎంచుకోవచ్చు, అది కోర్ 2 చిప్‌ల మీద పనిచేస్తుంది. ఒకప్పుడు ఆర్ఎంక్లాక్ అనేది ఇంకా బాగుండేది, ప్రతి మల్టిప్లయర్‌కీ వేరే వోల్టేజ్ రాసి పెట్టుకోనిచ్చేది. కానీ దాని డ్రైవర్‌కి సంతకం లేదు కాబట్టి 64 బిట్ విండోస్ ఒప్పుకోదు. దాని కోసం సెక్యూరిటీ తీసేయడం నాకు నచ్చదు. లినక్స్ వాడితే సీపీయూపవర్ అనే కమాండ్‌తో పై పరిమితిని 1.6 లేదా 1.87 అని ఒక్క లైన్‌లో పెట్టేయొచ్చు, గవర్నర్‌ని (స్పీడ్ ఎప్పుడు మార్చాలో నిర్ణయించేదాన్ని) ఆన్‌డిమాండ్‌లో ఉంచితే చాలు.

ఇంత చేశాక కూడా వేడిగానే ఉంటే, లేదా ఫ్యాన్ ఇంకా నిశ్శబ్దంగా కావాలనిపిస్తే, అప్పుడు స్పీడ్. మల్టిప్లయర్‌ని 8కి దించితే 2.13 గిగాహెర్ట్జ్, 7కి 1.87, 6కి 1.6. ఎప్పుడూ మల్టిప్లయర్‌నే దించండి, ఎఫ్ఎస్‌బీని (మల్టిప్లయర్‌తో గుణించే ఆ 266 మెగాహెర్ట్జ్‌ని) ముట్టుకోకండి. ఎఫ్ఎస్‌బీ దించితే ర్యామ్ స్పీడ్ కూడా పడిపోతుంది, బోర్డుని బట్టి ఇంకేవేవో కదులుతాయి, అనవసరమైన తలనొప్పి. మీ వాడకానికి నా ఓటు 8కి. వోల్టేజ్ ఇంకొన్ని మెట్లు దిగడానికి వీలిస్తుంది, పోయిన స్పీడ్ 11 శాతం, చాలామంది కనిపెట్టలేరు. 1.6 దగ్గర శాశ్వతంగా కట్టేయడం మాత్రం నేను చెప్పను. ఫైల్ సర్వర్ పనికి అది ఎక్కువే, అక్కడ అడ్డం పడేది నెట్‌వర్కూ డిస్కూ. బ్రౌజర్ తెరిస్తే కథ వేరు. ఇప్పటి వెబ్‌సైట్లు ఒక్క కోర్ మీదే బరువంతా వేస్తాయి, వీడియోలు కొత్త కోడెక్‌లలో వస్తాయి, పాత గ్రాఫిక్స్ కార్డు వాటిని విప్పలేక పని అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 1.6లో ఫుల్ హెచ్‌డీ వీడియో తడబడితే మీ ఇంట్లోవాళ్లు నన్ను తిడతారు.

ఇది చదివే మిగతావాళ్ల దగ్గర వేరే చిప్‌లు ఉంటాయి కాబట్టి రెండు ముక్కలు. పెంటియం 4లో 2005లో వచ్చిన 600 సిరీస్ కంటే ముందు డెస్క్‌టాప్ చిప్‌లకీ, సెలెరాన్ ఎం లాంటి చవక లాప్‌టాప్ చిప్‌లకీ ఈ స్పీడ్ మార్చే సదుపాయమే లేదు, వాటిలో మల్టిప్లయర్ కదలదు. శుభ్రం చేసి వదిలేయడమే. ఏఎండీ అథ్లాన్ 64 నుంచి కూల్ అండ్ క్వైట్ అనే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేయండి. ఫినమ్ తరానికి కే10స్టాట్ అనే టూల్‌తో ఒక్కో మెట్టుకీ వోల్టేజ్ రాసుకోవచ్చు. ఏఎండీ వాళ్లకి ఇంకో జాగ్రత్త: హీట్‌సింక్ తీసే ముందు మెషీన్‌ని కాసేపు నడిపి వేడెక్కనివ్వండి, ఆ తర్వాత ఆఫ్ చేసి మెల్లగా తిప్పి తీయండి. చల్లగా ఉన్నప్పుడు లాగితే ఎండిన పేస్ట్ చిప్‌ని కూడా సాకెట్‌లోంచి ఊడబెరికి తెస్తుంది, పిన్‌లు వంగిపోతాయి.

టర్బో బూస్ట్ (అవసరమైనప్పుడు మామూలు స్పీడ్ కంటే పైకి పోయే సదుపాయం) ఉన్న కోర్ ఐ5, ఐ7 లాప్‌టాప్‌లవాళ్లకి పని చాలా తేలిక. మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 చేస్తే టర్బో ఆగిపోతుంది, చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం చిప్ తీసుకునే ఎక్కువ వోల్టేజ్ ఆగిపోతుంది, వేడి గట్టిగా తగ్గుతుంది. వీటిలో 2013 నాటి నాలుగో తరం నుంచి థ్రాటిల్‌స్టాప్‌తో వోల్టేజ్ కూడా దించవచ్చు. అయితే 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడింది. వోల్టేజ్‌ని కావాలని తగ్గించి చిప్ లోపలి రహస్య లెక్కల్ని తప్పుగా చేయించవచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత వచ్చిన బయోస్ అప్‌డేట్లు చాలా లాప్‌టాప్‌లలో ఈ సదుపాయాన్ని మూసేశాయి. అంకె మార్చినా మారకపోతే కారణం అదే. పాత బయోస్ కోసం వెతక్కండి, 99 శాతంతో సరిపెట్టుకోండి.

మళ్లీ మీ మెషీన్ దగ్గరికి. వేడి తగ్గగానే బయోస్‌లో ఫ్యాన్ స్పీడ్ కూడా బాగా దించేయాలనిపిస్తుంది. దించండి, కానీ సగంలో ఆగండి. కంపెనీ కూలర్ గాలిని కిందికి కొడుతుంది. ఆ గాలే చుట్టూ ఉన్న వీఆర్‌ఎంనీ కెపాసిటర్లనీ చల్లబరుస్తుంది. పది డిగ్రీలు తగ్గితే ఈ రకం కెపాసిటర్ జీవితం సుమారు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. పాత మెషీన్‌లో ముందు పోయేది ప్రాసెసర్ కాదు, ఇవే. ప్రాసెసర్ 55లో ఉందని ఫ్యాన్‌ని దాదాపు ఆపేస్తే ఆ లాభం వాటికి అందదు.

మల్టిప్లయర్ 6 దగ్గర పెట్టి, వోల్టేజ్ ఆటోలో ఉంచి, టెంపరేచర్ 60 లోపున్నా మెషీన్ మళ్లీ ఉన్నట్టుండి ఆఫ్ అయితే, ఇక ప్రాసెసర్ జోలికి వెళ్లకండి. ఎవరి దగ్గరైనా మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి, అది మార్చి రెండు రోజులు నడిపి చూడండి. దాంతోనూ ఆగకపోతే బోర్డు.